నాన్న చూసిన గూఢచారి సినిమాని ఇంటిల్లిపాదితో మళ్ళీ పెద్ద తెర మీద చూడటం ఎలా

మొదటిసారి దీన్ని నేను ఘోరంగా చేశాను, అందుకే ఇది రాస్తున్నా.

రెండేళ్ళ క్రితం డిసెంబరులో ప్రొజెక్టర్ అద్దెకి తెచ్చి, మేడ మీద దుప్పటి కట్టి, అందరినీ కూర్చోబెట్టి 1965 నాటి 'ది స్పై హూ కేమ్ ఇన్ ఫ్రమ్ ది కోల్డ్' వేశాను. రిచర్డ్ బర్టన్ సినిమా, నలుపు తెలుపు, బెర్లిన్ గోడ, పాటల్లేవు, చెప్పుకోదగ్గ ఫైటు లేదు, అందరూ కోట్లు వేసుకుని గొంతు తగ్గించి మాట్లాడుకుంటూనే ఉంటారు. నాకు ప్రాణం ఆ సినిమా. నలభై నిమిషాలకి అమ్మ "పాలు తోడెయ్యాలి" అని కిందకి వెళ్ళింది, మళ్ళీ రాలేదు. మా వాడు ఫోను తీశాడు. గాలికి దుప్పటి ఊగితే బెర్లిన్ గోడ కూడా ఊగింది. నాన్న కుర్చీలోనే నిద్రపోయి, చివర్లో కాల్పులకి లేచి "అయిపోయిందా?" అన్నారు.

పొద్దున్న కాఫీ దగ్గర ఆయన అన్న మాట ఇది: "గూఢచారి సినిమా అన్నావు కదరా, మరి కృష్ణ లేడేంటి అందులో?"

అక్కణ్ణించి మొదలైంది. ఇప్పటికి ఏడెనిమిది సినిమాలు అయ్యాయి, ఎవరూ పాలు తోడెయ్యడానికి వెళ్ళడం లేదు. మీరూ చేద్దామనుకుంటే ఏం చేయాలో వరసగా చెప్తాను.

ముందు అది ఎవరి సినిమానో తేల్చుకోండి

పాత సినిమా మళ్ళీ చూద్దాం అంటాం గానీ, ఇంట్లో ఆ "మళ్ళీ" ఒక్కరికో ఇద్దరికో వర్తిస్తుంది, మిగతావాళ్ళకి అది కొత్త సినిమానే. ఆ ఒక్కరు ఎవరో తెలుసుకోకుండా మీకు నచ్చింది పెట్టారా, నా గతే పడుతుంది.

"మీకు ఏ సినిమా ఇష్టం?" అని మాత్రం అడక్కండి. "ఏదో ఒకటి వెయ్యరా" అనే జవాబు తప్ప ఇంకోటి రాదు. "ఏ హాల్లో చూశారు? ఎవరితో వెళ్ళారు? ఏ టికెట్?" అని అడగండి. నాన్నని అలా అడిగితే గంటసేపు చెప్పారు. తెనాలి పక్కన పల్లె, టూరింగ్ టాకీసు, మా చిన్నతాత సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చుని వెళ్ళడం, నేల టికెట్, రీలు మార్చే గ్యాప్‌లో మరమరాలు. ఆ సినిమా 'గూఢచారి 116'. ఆ తర్వాత వారం రోజులు బళ్ళో మగపిల్లలందరూ వన్ వన్ సిక్స్‌లేనట, విలన్ వేషం వేసేవాడు ఒక్కడూ దొరకలేదట.

మీ ఇంట్లోనూ ఇదే సినిమా వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి కొంచెం వివరం. 1966లో వచ్చింది, డూండీ నిర్మాత, ఎం. మల్లికార్జునరావు దర్శకుడు, కృష్ణ పక్కన జయలలిత. కృష్ణకి అది కొత్తలోనే దొరికిన సినిమా, అంతకు ముందు ఏడాదే ఆదుర్తి సుబ్బారావు తీసిన 'తేనె మనసులు'తో హీరో అయ్యారు. అందులో స్కూటర్ మీద కారుని వెంటాడే సీను చూసే డూండీ ఈయన్ని గూఢచారిగా ఖాయం చేశారని సినిమావాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. మరుసటి ఏడాది ఇదే కథ జితేంద్రతో హిందీలో 'ఫర్జ్' అయింది. కృష్ణకి ఆంధ్రా జేమ్స్ బాండ్ అనే పేరు పడిపోయి, 'జేమ్స్ బాండ్ 777', 'ఏజెంట్ గోపి', చివరికి 1989లో 'గూఢచారి 117' దాకా వెళ్ళింది. 2018లో అడివి శేష్ 'గూఢచారి' చేసినప్పుడు హీరోకి ఇచ్చిన నంబరు కూడా 116. అందుకే నా సలహా, శనివారం తాతయ్య 116, ఆదివారం మనవడి 116 వెయ్యండి. రెండో రోజు మా నాన్న మా వాడితో నంబరు ఎవరిదని వాదించిన తీరు చూస్తే సగం సినిమా అక్కడే ఉంది.

పాటల సంగతి మర్చిపోవద్దు. బాండ్ సినిమాలో మా అమ్మకి పని లేదు. 'నువ్వు నా ముందుంటే' రాగానే మాత్రం గొంతు కలిపింది, టి. చలపతిరావు బాణీ, సినారె మాట. గూఢచారి సినిమా అంటే మగవాళ్ళ సినిమా అని లెక్కేసిన నేను అక్కడ తప్పులో కాలేశాను.

ఇంట్లో బాండ్ బ్యాచ్ వేరే ఉంటుంది. మా మేనమామ హైదరాబాద్‌లో చదువుకున్నాడు, సికింద్రాబాద్ సంగీత్ థియేటర్ అని మొదలుపెడితే ఆపడు. ఆ థియేటర్ ఇప్పుడు లేదు, కూల్చేశారు, అయినా ఆయన ఆ రూట్లో వెళ్తే తల తిప్పి చూస్తాడు. ఇలాంటివాళ్ళకి బాండ్ వేషంలో షాన్ కానరీయా రోజర్ మూరా అన్నది కులదైవం లాంటి విషయం, ముందే కనుక్కోండి.

సినిమా ఎంపిక: కొన్ని నేరుగా చెప్పేస్తాను

ఇంగ్లీష్ గూఢచారి సినిమాల్లో మొదటిది ఏది వెయ్యాలంటే 'గోల్డ్‌ఫింగర్' వెయ్యండి. 1964, 110 నిమిషాలు, ఎక్కడా సాగదు. కథ ఒక్క వాక్యంలో చెప్పేయొచ్చు, బంగారం పిచ్చోడు అమెరికా బంగారం కోట మీద కన్నేస్తాడు. బంగారం గురించి మన ఇళ్ళల్లో ఎవరికీ వివరించక్కర్లేదు కదా. విలన్ గెర్ట్ ఫ్రోబె జర్మన్ నటుడు, సినిమాలో వినిపించే గొంతు ఇంకొకరిది, డబ్బింగ్. "వాళ్ళకీ డబ్బింగేనా!" అని మా అమ్మ భలే సంతోషించింది.

పదేళ్ళ పైబడిన పిల్లలు ఉంటే 'నార్త్ బై నార్త్‌వెస్ట్' చూపించండి. 1959, హిచ్‌కాక్, 136 నిమిషాలు. ఒక మామూలు మనిషిని గూఢచారి అనుకుని తరుముతారు, అంతే కథ. పెద్ద తెర ఎందుకు అని ఎవరైనా అడిగితే చూపించాల్సిన సీను ఇందులో ఉంది. కనుచూపు మేర చదును నేల, ఒక రోడ్డు, సూటు వేసుకుని బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడ్డ క్యారీ గ్రాంట్. దూరంగా పొలానికి మందు కొట్టే విమానం ఒకటి తిరుగుతుంటుంది. అక్కడ సంగీతం ఉండదు. గాలి, దుమ్ము, వచ్చిపోయే బళ్ళ చప్పుడు, విమానం మోత, అంతే. ఫోన్లో చూస్తే ఆ మనిషి చీమంత ఉంటాడు, మీకు ఏమీ అనిపించదు. ఏడడుగుల వెడల్పు తెర మీద ఆ ఖాళీ మన మీదకి వస్తుంది. ఆ విమానం మొదటిసారి కిందకి దిగినప్పుడు మా ఇంట్లో ముగ్గురు తలలు వంచారు, అందులో నేనొకణ్ణి, అప్పటికి నాలుగోసారి చూస్తున్నా.

అదే సినిమాలో పిల్లలకి ఒక పందెం పెట్టండి. రష్‌మోర్ కొండ దగ్గర క్యాంటీన్‌లో తుపాకీ పేలే సీను ఉంది. వెనక బల్ల దగ్గర కూర్చున్న ఒక బుడ్డోడు, తుపాకీ పేలకముందే చెవుల్లో వేళ్ళు పెట్టుకుంటాడు. పాపం రిహార్సల్స్‌లో ఆ మోత విని ఉంటాడు కదా! "ఎవరు ముందు కనిపెడితే వాళ్ళకి ఐస్‌క్రీమ్" అంటే చాలు, ఫోన్లు పక్కన పడేసి తెర వెనక మూలలన్నీ వెతుకుతారు. చిన్న తెర మీద ఈ ఆట కుదరదు.

'ది స్పై హూ లవ్డ్ మి', 1977, రోజర్ మూర్. మొదటి పది నిమిషాల కోసమైనా వెయ్యాలి. మంచు కొండ మీద స్కీయింగ్ చేసుకుంటూ వచ్చి అంచు నుంచి గాల్లోకి వెళ్ళిపోతాడు, అప్పటిదాకా మోగిన సంగీతం ఆగిపోతుంది, పడిపోతూ ఉంటాడు, పడిపోతూనే ఉంటాడు, ఇక అయిపోయాడు అనుకున్నాక బ్రిటిష్ జెండా రంగుల పారాచూట్ విచ్చుకుంటుంది. గ్రాఫిక్స్ కాదు, కెనడాలో బాఫిన్ దీవిలోని ఆస్గార్డ్ కొండ మీద నుంచి రిక్ సిల్వెస్టర్ అనే స్టంట్ మనిషి నిజంగా దూకాడు. ఈ ముక్క సినిమాకి ముందు చెప్పకండి, తర్వాత చెప్పండి. ముందే చెప్తే "ఎలాగూ పారాచూట్ ఉంటుంది కదా" అని కూర్చుంటారు.

'ఆక్టోపస్సీ' 1983, ఉదయ్‌పూర్‌లో తీశారు కాబట్టి మనవాళ్ళకి సరదాగా ఉంటుంది. విజయ్ అమృత్‌రాజ్ టెన్నిస్ రాకెట్‌తో రౌడీల్ని కొడుతుంటే చుట్టూ జనం మ్యాచ్ చూస్తున్నట్టు తలలు అటూ ఇటూ తిప్పుతారు, ఆటోలో ఛేజు, కబీర్ బేడీ తలపాగా. ఇండియా అంటే సూదుల మంచాలు, నిప్పుల నడక అనే తంతు మొత్తం ఉంది, పైగా డబ్బు చేతిలో పెట్టి "కొన్ని వారాలు కూర తినొచ్చు" అనే అర్థం వచ్చే జోకు ఒకటి. మా వాడు "ఇది రేసిజం కదా నాన్నా" అన్నాడు. అవును అన్నాను. ఆపకుండా చూశాం.

'ఫ్రమ్ రష్యా విత్ లవ్', 1963, ఇందులో రైలు పెట్టెలో ఫైటు చాలు టికెట్ డబ్బులకి. మిగతాది కొంచెం నిదానం, రెండో నెలలో పెట్టుకోండి.

నా కోల్డ్ వార్ సినిమా సంగతా? అందరూ పడుకున్నాక ఒక్కణ్ణే చూసుకుంటున్నా.

హాలా, మేడా?

హాలు దొరికితే హాలే మేలు, ఇందులో వాదన లేదు. 2022 నుంచి తెలుగులో రీ రిలీజ్‌లు జోరుగా సాగుతున్నాయి కదా, 2023లో కృష్ణ పుట్టినరోజు మే 31కి 'మోసగాళ్ళకు మోసగాడు' 4కెలో వచ్చింది. కౌబాయ్ సినిమా అనుకోండి, అయినా ఆ తేదీ దగ్గర పడినప్పుడు బుకింగ్ యాప్‌లో ఓ కన్నేసి ఉంచండి. హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్ లాంటి ఫిల్మ్ సొసైటీల మీద కూడా. బంధువులు ఇరవై, ముప్ఫై మంది కలిస్తే మల్టీప్లెక్స్‌లో చిన్న స్క్రీన్ మొత్తం మాట్లాడుకోవచ్చు, కానీ ఏ సినిమా వేస్తారో, హక్కుల సంగతి ఎవరు చూసుకుంటారో ముందే రాతలో తీసుకోండి.

పెద్దవాళ్ళని తీసుకెళ్తే మ్యాట్నీకి వెళ్ళండి, నడిచే దారి పక్క సీటు తీసుకోండి, శాలువా మర్చిపోకండి. హాల్లో ఏసీకి మా పెద్దత్త ఇంటర్వెల్ దాకా కూడా ఆగలేదు ఒకసారి.

అమెరికాలోనో లండన్‌లోనో ఉండి, అమ్మానాన్న ఆరు నెలలకి వచ్చి రెండో నెలకే బోర్ కొట్టి కిటికీ దగ్గర కూర్చుంటున్నారా? అక్కడ మీకు మాకంటే సుఖం. బే ఏరియాలో పాలో ఆల్టోలో స్టాన్‌ఫర్డ్ థియేటర్ ఉంది, 1925 నాటి హాలు, బాగుచేయించి పాత హాలీవుడ్ సినిమాలే వేస్తారు, సినిమా ముందు ఆర్గన్ వాయిస్తారు. హిచ్‌కాక్ సినిమాల వరస ఎప్పుడు పెడతారో చూసుకుని తీసుకెళ్ళండి. లండన్‌లో లెస్టర్ స్క్వేర్ పక్కన ప్రిన్స్ చార్ల్స్ సినిమా అనే హాల్లో పాత సినిమాలు తిప్పితిప్పి వేస్తుంటారు. 2022లో బాండ్‌కి అరవై ఏళ్ళు నిండాయని బ్రిటన్ హాళ్ళలో పాతిక సినిమాలూ మళ్ళీ వేశారు కూడా. తెర లేచే ముందు హాలు వాసన ఒకటుంటుంది చూడండి, అది మా నాన్నలాంటివాళ్ళకి భాషతో పని లేకుండా అర్థమవుతుంది.

ఇవేవీ కుదరకపోతే మేడ. అపార్ట్‌మెంట్ అయితే టెర్రస్ కోసం అసోసియేషన్‌కి చెప్పండి. మీ ఇంట్లోవాళ్ళు చూసుకుంటే ఇబ్బంది లేదు, అదే మొత్తం కాలనీని పిలిచి, చందాలు వసూలు చేసి వేస్తే హక్కుదారు అనుమతి కావాలి, ఆ జోలికి పోకండి.

కొలతలు (ఇక్కడే నేను డబ్బులు పోగొట్టుకున్నది)

అద్దెకిచ్చినాయన పెట్టె మీద తొమ్మిది వేల ల్యూమెన్లు (వెలుగు కొలత) అని చూపించాడు. వేశాక బెర్లిన్‌లో పగలా రాత్రా తెలియలేదు. పెట్టె మీది పెద్ద అంకె చూడొద్దు, "అన్సీ ల్యూమెన్లు ఎన్ని?" అని అడగండి, అది ఒక ప్రామాణిక పద్ధతిలో కొలిచిన వెలుగు. నిజమైన 500 అన్సీ ఉంటే మంచి చీకట్లో వంద అంగుళాల బొమ్మకి సరిపోతుంది, 1000 ఉంటే హాయి. ఆ మాట అడగ్గానే షాపువాడు తల గోక్కుంటే ఇంకో షాపు చూసుకోండి.

వంద అంగుళాలు అంటే మూలకి మూల. మామూలు 16:9 లెక్కలో వెడల్పు 87 అంగుళాలు, ఎత్తు 49. ప్రొజెక్టర్ ఎంత దూరంలో పెట్టాలన్నది దాని త్రో రేషియో, అంటే బొమ్మ వెడల్పుకి ఎన్ని రెట్ల దూరమో, చెప్తుంది. అది 1.2 అయితే 87ని 1.2తో గుణించండి, 104 అంగుళాలు, అంటే సుమారు ఎనిమిది అడుగుల ఎనిమిది అంగుళాల దూరం. ఈ లెక్క ముందు వేసుకోకపోతే చివరికి ప్రొజెక్టర్‌ని వాటర్ ట్యాంక్ మీద పెట్టాల్సి వస్తుంది. పెట్టాను. మనుషులు తెరకి పది, పన్నెండు అడుగుల దూరంలో కూర్చుంటే బాగుంటుంది.

దుప్పటి వద్దు. తెల్లగా సున్నం వేసిన పిట్టగోడ కంటే మెట్ల గది గోడ ఎత్తుగా ఉంటుంది, నునుపుగా ఉంటే అదే తెర. గోడ లేకపోతే వెనక వెలుగు కనిపించని మందపాటి తెల్ల గుడ్డ తీసుకుని, పైనా కిందా కర్రలకి కుట్టించి, కింది కర్రకి ఇటుకలు కట్టండి. నాలుగు వైపులా లాగి ఉండాలి. ప్రొజెక్టర్‌ని తెర మధ్యకి నేరుగా పెట్టండి, పక్కనుంచి వేసి, వంకర బొమ్మని చతురస్రంగా చేసే కీస్టోన్ సెట్టింగ్‌తో సరిచేస్తే బొమ్మ అంచులు మసకబారతాయి.

ఇంకో విషయం, చాలామంది పాడుచేసేది ఇక్కడే. నల్ల పట్టీలు. 'గోల్డ్‌ఫింగర్' బొమ్మ వెడల్పు ఎత్తుకి 1.66 రెట్లే, కాబట్టి ఎడమా కుడీ సన్నగా నలుపు వస్తుంది. మరుసటి ఏడాది వచ్చిన 'థండర్‌బాల్' పానావిజన్, అంటే ఇంకా వెడల్పు బొమ్మ, అది వేస్తే పైనా కిందా చెరో ఆరంగుళాలు నలుపు. "తెర నిండా రావట్లేదే" అని ఇంట్లో ఒక బావగారు తప్పకుండా రిమోట్ అందుకుంటారు, జూమ్ నొక్కేస్తారు, తలలు తెగుతాయి. రిమోట్ మీ జేబులో పెట్టుకోండి. పిక్చర్ సెట్టింగ్స్‌లో మోషన్ స్మూతింగ్ (కదలికని నున్నగా చేసేది) లాంటిది ఏదున్నా ఆపేయండి, లేకపోతే షాన్ కానరీ టీవీ సీరియల్లో నడిచినట్టు నడుస్తాడు.

శబ్దం, ముందురోజు రిహార్సల్

స్పీకర్‌ని బ్లూటూత్‌లో కలిపితే మాటకీ పెదవికీ తేడా రావచ్చు. తుపాకీ పేలాక అరక్షణానికి ఢాం అంటుంది, పిల్లలు పడీపడీ నవ్వుతారు. వైరు వెయ్యండి. స్పీకర్ ప్రొజెక్టర్ పక్కన కాకుండా తెర కింద మధ్యలో ఉండాలి. అరవైల నాటి ఈ సినిమాలు చాలావరకు ఒకే ట్రాక్ మోనో, నాలుగు మూలలా స్పీకర్లు పెట్టడం దండగ, మంచిది ఒక్కటి చాలు.

సినిమా ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, మేడ మీద వైఫై రెండు గీతలు చూపించి మోసం చేస్తుంది. పాత తెలుగు సినిమాలు యూట్యూబ్‌లో ఒక్కోటి నాలుగైదు చోట్ల ఉంటాయి, ఒకదాంట్లో పాటలు కోసేసి ఉంటారు, ఇంకోదాంట్లో బొమ్మ సాగదీసి ఉంటుంది, కాబట్టి అన్నిటి నిడివీ పోల్చి, సినిమా హక్కులున్నవాళ్ళ సొంత ఛానల్‌లో ఉన్న ఎక్కువ నిడివిది తీసుకోండి. బాండ్ సినిమాలకి ముందు అమెజాన్ ప్రైమ్ వెతకండి, ఆ సినిమాల ఎంజీఎం స్టూడియోని 2022లో వాళ్ళే కొన్నారు.

ముందురోజు రాత్రి అదే టైముకి పది నిమిషాలు వేసి చూడండి. పక్కింటి వీధి లైటు తెర మీద పడుతుందని అప్పుడే తెలుస్తుంది. వేసవిలో పూర్తి చీకటి పడేసరికి ఏడున్నర అవుతుంది, పిల్లలు సగంలో పడుకుంటారు. నవంబరు నుంచి సంక్రాంతి దాకా ఆరున్నరకే మొదలుపెట్టొచ్చు, తొమ్మిదింటికల్లా అన్నాలు తినేయొచ్చు. మంచు పడుతుంది కాబట్టి ప్రొజెక్టర్ మీద గొడుగు పెట్టండి, గాలి వెళ్ళే రంధ్రాలు మాత్రం మూయకండి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ వైరు చీకట్లో కాళ్ళకి తగలకుండా గోడ వారగా వేసి టేపు అంటించండి. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు, మెట్ల దగ్గర చిన్న లైటు కూడా ఉంచండి.

ఆ రోజు

కుర్చీలు వెనక, చాపలు ముందు. పెద్దాయన కుర్చీ సరిగ్గా మధ్యలో. దోమల బిళ్ళలు సాయంత్రమే. మరమరాల మిక్చర్, పల్లీలు, ఫ్లాస్కులో టీ. చిప్స్ ప్యాకెట్లు గిన్నెల్లో ముందే పోసేయండి, సస్పెన్స్ సీనులో ఆ కవరు చప్పుడుకి మించిన విలన్ లేడు.

సినిమా ముందు మాట్లాడటం రెండు నిమిషాలు మించకూడదు. అమెరికా, రష్యా, కోల్డ్ వార్ అని పాఠం మొదలుపెట్టకండి. "వీడు మనవాడు, వాడు పగవాడు, ఆ పెట్టె ఎవరికి దొరికితే వాళ్ళు గెలిచినట్టు" చాలు. ఇంగ్లీష్ రాని పెద్దవాళ్ళ పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టండి, ఆ మనిషి మాత్రమే గుసగుసగా చెప్పాలి, మిగతావాళ్ళు నోరెత్తకూడదు అని ముందే ఒప్పందం. మా ఇంట్లో ఆ ఉద్యోగం మా అమ్మాయిది. అది చెప్పే కథకీ తెర మీది కథకీ సంబంధం తక్కువ, అయినా నానమ్మకి ఆ కథే నచ్చుతుంది.

'గోల్డ్‌ఫింగర్'లో ఒళ్ళంతా బంగారం పూత పూసి చంపేసిన అమ్మాయి మంచం మీద కనిపించగానే, మేమంతా ఊపిరి బిగబట్టి చూస్తుంటే, అమ్మ అంది: "అయ్యో, పిల్లకి నలుగు పెట్టి అలాగే వదిలేశారేంటే?" పది నిమిషాలు సినిమా ఆపాల్సి వచ్చింది. ఆ పూత వల్ల ఆ నటి షర్లీ ఈటన్ నిజంగానే చనిపోయిందని అప్పట్లో పుకారు పుట్టింది, ఆవిడ ఆ తర్వాత కూడా సినిమాలు చేసింది, నిశ్చింతగా ఉండండి అని చెప్పాకే అమ్మ ముందుకు సాగనిచ్చింది.

ఇంటర్వెల్ తప్పనిసరి. హాలీవుడ్ సినిమాకి ఇంటర్వెల్ ఉండదు, మనమే కొట్టాలి, ఎక్కడ కొట్టాలన్నదే కళ. 'గోల్డ్‌ఫింగర్'లో సగం దగ్గర్లో బాండ్‌ని బల్లకి కట్టేసి లేజర్ కిరణాన్ని కాళ్ళ మధ్య నుంచి పైకి పంపుతుంటారు. అక్కడ ఆపి లైటు వెయ్యండి. అంతకంటే మంచి ఇంటర్వెల్ బ్యాంగ్ ఆ దర్శకుడికి కూడా తట్టలేదు. పిల్లలు తిట్టుకుంటూ టీలు అందిస్తారు. 'నార్త్ బై నార్త్‌వెస్ట్'కి బస్సు ఆ మనిషిని ఖాళీ రోడ్డు మీద దింపి వెళ్ళిపోగానే ఆపండి.

ఇబ్బంది సీన్ల సంగతి. బాండ్ సినిమాల్లో ముద్దులు ఉంటాయి, అవి పెద్ద సమస్య కాదు, అందరూ నీళ్ళు తాగుతారు. అసలు ఇబ్బంది ఆడవాళ్ళతో ఆయన ప్రవర్తించే తీరు. 'గోల్డ్‌ఫింగర్'లో గుర్రపుశాల సీను ఉంది, ఆమె వద్దంటుంటే బలవంతం చేస్తాడు, సినిమా దాన్ని సరసంలా చూపిస్తుంది. ముందురోజు మీరు ఒక్కరే చూసుకోండి, ఎన్నో నిమిషంలో వస్తుందో రాసుకోండి. చిన్నపిల్లలుంటే ఆ ముక్క దాటేయండి. పదమూడు, పద్నాలుగేళ్ళ వాళ్ళుంటే నేను దాటెయ్యను, "వీడు చేసింది తప్పు" అని అక్కడే ఒక్క మాట అని ఊరుకుంటాను. ఉపన్యాసం అక్కర్లేదు, వాళ్ళకి మనకంటే బాగా తెలుసు.

పెద్దాయన మధ్యలో మాట్లాడితే మాత్రం ఆపకండి. "ఇప్పుడు చూడు, ఇప్పుడు చూడు" అని నాన్న ప్రతి మలుపూ ముందే చెప్పేస్తారు, ఒక్కోసారి చెప్పినట్టు జరగదు. 116లో ఒక సీను కోసం ఆయన చివరిదాకా ఎదురుచూశారు, రాలేదు. ప్రింట్‌లో కోసేశారన్నారు. అది వేరే సినిమాలోది అయ్యుంటుందని నాకు అనుమానం. చెప్పలేదు.

ఆపేటప్పుడు

ఎండ్ కార్డు పడగానే వైరు పీకేయకండి. బల్బు ఉన్న ప్రొజెక్టర్ అయితే రిమోట్‌తో ఆపి, లోపలి ఫ్యాను తిరగడం ఆగేదాకా రెండు మూడు నిమిషాలు అలాగే వదలాలి, లేకపోతే బల్బు తొందరగా పోతుంది. చాపలు కూడా అప్పుడే చుట్టకండి. లైట్లు వెయ్యకముందు ఆ ఫ్యాను చప్పుడులో అందరూ కాసేపు అలాగే కూర్చుంటారు. మొన్న ఆ రెండు నిమిషాల్లోనే నాన్న చిన్నతాత సైకిల్ గురించి మళ్ళీ ఎత్తారు, తిరిగి వస్తుంటే డైనమో లైటు పాడైతే ఇద్దరూ చీకట్లో కాలవ గట్టు మీద నడిచి వచ్చారట, దారంతా చిన్నతాత నోటితో తుపాకీ చప్పుళ్ళు చేస్తూనే ఉన్నాడట. "ఎలా చేశాడు తాతయ్యా?" అని మా వాడు అడిగాడు. డెబ్భై ఏళ్ళ మనిషి చేసి చూపించారు. కింద ఇంటివాళ్ళు లైటు వేశారు.

వచ్చే శనివారం 'ఏజెంట్ గోపి'. కొత్త గుడ్డకి కర్రలు కుట్టించాలి, పాతది ఇటుక బరువుకి చిరిగింది.